లోలోలకు పౌరసత్వం వచ్చింది, పిల్లలకు వీసా రాలేదు

ఫిలిప్పీన్స్‌లో తాతను లోలో అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడిన లోలోలకు పౌరసత్వం ఇచ్చే చట్టం 1990 నవంబర్ 29న వచ్చింది. అప్పటికి వాళ్లలో చిన్నవాళ్లకే అరవై దాటాయి. సుమారు 26 వేల మంది పౌరులయ్యారు. ఆ చట్టం సైనిక పింఛను ఇవ్వలేదు, పిల్లలను వెంట తెచ్చుకోనివ్వలేదు. ఇది అన్యాయమే.

పింఛనుకు అడ్డం 1946 నాటి రెసిషన్ (రద్దు) చట్టం. 1941 జూలైలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో వాళ్లు చేసిన సైనిక కొలువును చాలా ప్రయోజనాలకు లెక్కలోంచి తీసేసింది. దాంతో వృద్ధులకిచ్చే ఎస్‌ఎస్‌ఐ భత్యమే దిక్కయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ముగ్గురు నలుగురు ఒకే గదిలో సర్దుకుని, మిగిలింది ఇంటికి పంపేవారు.

ఆ భత్యంలో ఒక మెలిక ఉంది. వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఆగిపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ వరుసగా 30 రోజులు అమెరికాలో ఉంటేగాని మొదలవదు. మనవరాలి పెళ్లికి వెళ్లి జ్వరంతో మంచాన పడ్డా అంతే. 2000 నుంచి స్వదేశంలో స్థిరపడే వాళ్లకు ఎస్‌ఎస్‌ఐలో 75 శాతం ఇచ్చారు. ఆ ఏడాది లెక్కన 512 డాలర్లకు 384. అయితే 1999 డిసెంబర్‌లో ఎస్‌ఎస్‌ఐకి అర్హత ఉండి తీరాలి.

2009లో ఒక్కసారే ఇచ్చే సొమ్ము ప్రకటించారు: పౌరులకు 15,000 డాలర్లు, కానివాళ్లకు 9,000. దరఖాస్తుకు ఒక్క ఏడాదే గడువు. చాలామంది ఆగిపోయింది రుజువు దగ్గర. ఫిలిప్పీన్స్ ప్రభుత్వ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, కొలువును అమెరికా సైన్యమే ధ్రువీకరించాలి. గెరిల్లాలకైతే 1948లో మళ్లీ రాసిన జాబితాలో పేరు వెతుకుతారు. అడవిలో పోరాడినవాడి దగ్గర కాగితాలేముంటాయి?

ఇక పిల్లలు. పెళ్లయిన కొడుకులు, కూతుళ్ల వీసా క్యూ ఫిలిప్పీన్స్‌కు ఇరవై ఏళ్లు దాటింది. అన్నదమ్ముల కేటగిరీలో ఎదురుచూసే తెలుగు ఇళ్లకూ ఆ బాధ తెలుసు. ఈలోపు తండ్రి పోతే ఆయన వేసిన వీసా పిటిషన్ మామూలుగా రద్దే. 2016 జూన్ 8న పెరోల్ పథకం, అంటే వీసా వంతు రాకముందే పిల్లలను రానిచ్చే ఏర్పాటు, మొదలైంది. అందులో ముందు ఐ-130 (బంధువు కోసం వేసే పిటిషన్) ఆమోదం పొందాల్సి వచ్చేది, బంధుత్వం 2016 మే 9 నాటికే ఉండాల్సి వచ్చేది, ఆపైన ఐ-131 (పెరోల్ దరఖాస్తు) వేయాల్సి వచ్చేది. వస్తే తాత్కాలిక నివాసమే, గ్రీన్ కార్డు కాదు. గ్రీన్ కార్డుకు వీసా వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. సైనికుడూ భార్యా ఇద్దరూ పోయాక కూడా కొన్ని సందర్భాల్లో పిల్లలు తామే పెరోల్ అడిగే వీలుండేది. అప్పటికి వాళ్లు చూసుకోవాల్సిన లోలో ఉండడు.