మోకాలి పక్కన నొప్పి, గ్లోమస్ ట్యూమర్: నా అనుభవం

ఎడమ మోకాలికి లోపలివైపు ఒకే ఒక్క చోట నొప్పి, ఏళ్ల తరబడి. వాపు లేదు, ఎరుపు లేదు, నడిస్తే ఏం కాదు, కానీ రాత్రి దుప్పటి రాసుకున్నా ప్రాణం పోయేది. ఆఫీసులో ఏసీ గాలి తగిలితే జివ్వుమని లాగేది, చలికాలం గురించైతే చెప్పక్కర్లేదు.

ఎక్స్‌రే నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, ఎంఆర్‌ఐ కూడా నార్మలే అన్నారు. ఒకాయన అరుగుదల అన్నాడు, ఇంకొకాయన నరాల మందులు రాశాడు, ఫిజియోథెరపీలో ఐస్ ప్యాక్ పెడితే అక్కడే ఏడ్చేశా. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్న డాక్టరూ ఉన్నాడు. మా అత్తయ్య దిష్టి కూడా తీసింది, పాపం.

చివరికి ఒక ఆర్థో డాక్టర్ గారు గుండుసూది తలతో మెల్లగా నొక్కుకుంటూ వచ్చారు, ఆ చోటికి రాగానే కెవ్వుమన్నా, కాస్త పక్కకి జరిపితే ఏమీ లేదు. తర్వాత తొడకి బీపీ పట్టీ కట్టి బాగా గాలెక్కించి అక్కడే నొక్కితే నొప్పే లేదు! రక్తం ఆగితే నొప్పీ ఆగింది, గ్లోమస్ ట్యూమర్ అనుకుంటున్నా అన్నారు. ట్యూమర్ అనగానే నాకు కాళ్లు వణికాయి, క్యాన్సర్ కాదులేమ్మా, ఇవి దాదాపు అన్నీ మామూలు గడ్డలే అని చెప్పారు. వేడికీ చలికీ తగ్గట్టు చర్మంలో రక్తాన్ని సర్దే చిన్న భాగాలు ఉంటాయట, ఈ గడ్డ పుట్టేది వాటి నుంచే. అవి వేళ్ల కొసల్లో ఎక్కువ, అందుకే ఈ గడ్డ ఎక్కువగా గోరు కిందే వస్తుంది. మోకాలి దగ్గర అరుదు కాబట్టి ఎవరికీ తట్టదు. 1924లోనే పియర్ మాసన్ అనే ఆయన దీన్ని వివరించి పెట్టాడని తర్వాత చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఈసారి ఆ చోట చర్మం మీద స్కాన్‌లో కనబడే గుర్తుగా విటమిన్ ఇ క్యాప్సూల్ టేపుతో అంటించి ఎంఆర్‌ఐ తీశారు, సరిగ్గా దాని కిందే కందిగింజంత తెల్లటి చుక్క.

ఆపరేషన్ రోజు మత్తు ఇవ్వకముందే నాతోనే వేలు పెట్టించి పెన్నుతో గుర్తు వేశారు, ఎందుకంటే మత్తెక్కాక నొప్పి తెలీదు, అంత చిన్నదాన్ని వెతకడం కష్టం. ముక్క మిగిలితే మళ్లీ వస్తుందని పొరతో సహా మొత్తం తీసేశారు. బయాప్సీలో గ్లోమస్ ట్యూమరే, క్యాన్సర్ కాదని వచ్చింది. కుట్ల నొప్పి ఉంది గానీ అది వేరే నొప్పి, పారాసెటమాల్‌కి లొంగింది.

ఇలా ఒకే చోట నొప్పి, చలికి పెరగడం ఉంటే స్కాన్‌కి ముందు ఆ చోటు తప్పకుండా గుర్తు పెట్టించుకోండి, మోకాలి ఎంఆర్‌ఐ చూసేవాళ్ల దృష్టంతా కీలు లోపలే ఉంటుంది మరి.