ఎద్దులకు మూపురం ఏది?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పెరుగుతున్న మా పదేళ్ల అమ్మాయికి ఆషాప్టన్ అనే ఊరి పిచ్చి పట్టింది. డెర్బీషైర్‌లోని ఆ ఊరు ఇప్పుడు లేదు. షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ నగరాల నీటి కోసం కట్టిన లేడీబవర్ జలాశయం దాన్నీ, పక్కనున్న డెర్వెంట్‌నూ ముంచేసింది. మునగక ముందు, 1940లో, కెన్నెత్ రౌంట్రీ అనే చిత్రకారుడు అక్కడికి వెళ్లి, ఒకప్పుడు బండ్లకు సుంకం వసూలు చేసిన పాత ఇంటిని నీటిరంగుల్లో వేశాడు. ఆయన క్వేకర్, అంటే యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖవాడు; యుద్ధంలో ఆయుధం పట్టనన్న మనిషి. ఆయన వేసింది కళాచరిత్రకారుడు కెన్నెత్ క్లార్క్ మొదలుపెట్టిన ‘రికార్డింగ్ బ్రిటన్’ పథకం కోసం. బాంబులకు ఏది పోతుందో, అభివృద్ధికి ఏది పోతుందో తెలియదు కాబట్టి బొమ్మలైనా మిగలాలని దాని ఉద్దేశం. అలా వేసిన 1,500కు పైగా చిత్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

“ఈ ఊరి మీద జర్మన్లు బాంబులు వేశారా?” అని అడిగింది. లేదమ్మా, నీళ్ల కోసం వీళ్లే ముంచుకున్నారు అన్నాను.

“అయితే అవ్వ వాళ్ల ఊరిలాగేనా?”

అవును. మా అమ్మ పుట్టిల్లు 1981లో శ్రీశైలం ముంపులో పోయింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్లు విప్పి అలంపురానికి తరలించి మళ్లీ కట్టారు. చాళుక్యుల గుడికి ఆ యోగం ఉంది; మట్టి మిద్దెల బొమ్మ గీయడానికి ఎవరు వస్తారు? మా అమ్మ దగ్గర ఆ ఇంటి ఫోటో ఒక్కటీ లేదు.

అప్పటి నుంచి ఆదివారం వస్తే అవ్వ ఫోనులో చెబుతుంది, మనవరాలు గీస్తుంది. రాతి గోడలు, పైన చవుడు మట్టి, వెలుతురుకు పైకప్పులో గవాక్షి, వానొస్తే దాని మీద బండ. ఇంట్లోనే ఒక పక్క ఎద్దుల గాడి. మొదటి బొమ్మలో పొగగొట్టం మొలిచింది. “పొగగొట్టం ఎక్కడిదే తల్లీ, పొగ గవాక్షిలోంచే పోయేది” అంది అమ్మ. ఎద్దులేమో అచ్చం డెర్బీషైర్ ఆవులు. “మూపురం లేని ఎద్దు ఎద్దా?” అని అవ్వ గదమాయించింది. వారాంతపు తెలుగు బడిలో నోరు విప్పని పిల్ల, గాడి ఎంత ఎత్తు, బండ ఎవరు మూసేవాళ్లు అని గుచ్చి గుచ్చి తెలుగులోనే అడుగుతోంది. ఆ పుణ్యం నాది కాదు, రౌంట్రీది.

తాజా బొమ్మను కర్నూలులో ఉన్న మా మేనమామకు పంపాం. వాకిలి తూర్పుకు ఉండేదని ఆయన, కాదు ఉత్తరానికేనని అమ్మ. మూడో సాక్షి కోసం వెతుకుతున్నాం.