బ్యారేజీ మీద 42 కొడితే మారథాన్ అయినట్టేనా?

బెజవాడలో ఏ పరుగు పెట్టినా ఫ్లెక్సీ మీద ‘5కె మారథాన్’ అని కొట్టించేస్తారు. ఐదు కిలోమీటర్లు ఐదు కిలోమీటర్లే. మారథాన్ అంటే 42.195. గుంటూరు నుంచి హైవే పట్టుకుని బెజవాడ దాకా పరిగెత్తుకొచ్చినా ఇంకా కొంత బాకీ ఉంటుంది.

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. ఈ చివరి నుంచి ఆ చివరికి 34 సార్లు తిరిగినా ఇంకో 596 మీటర్లు, అంటే దాదాపు సగం బ్యారేజీ మిగులుతుంది. అదీ పరిగెత్తేస్తే దూరం అయిపోయినట్టే, కాదనేవాళ్లు లేరు. ఫినిషర్, అంటే రేసు పూర్తిచేసినవాళ్లు అనిపించుకోవాలంటే మాత్రం కొలిచిన దారి, అందరికీ ఒకటే గడియారం, కటాఫ్ (ఇంతలోపు ముగించాలనే గడువు) ఉండాలి.

ఎక్కువమంది బోల్తాపడేది వాచీ దగ్గర. సర్టిఫైడ్ కోర్సుని, అంటే రేసు దారిని, సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ (చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే మీటరు) బిగించి, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుతూ కొలుస్తారు. తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే మరో 42 మీటర్లు కలుపుతారు. మనమేమో నీళ్ల బల్ల కోసం రోడ్డుకి అటూ ఇటూ తిరుగుతాం. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కిందకి వెళ్తే జీపీఎస్ కూడా తికమకపడుతుంది. అందుకే ఫినిష్ గీత దగ్గరికి వచ్చేసరికి వాచీలో 42.6 ఉండటం మామూలే. వాచీ 42.2 అని కూసిందని ఆగితే అది డీఎన్‌ఎఫ్ (డిడ్ నాట్ ఫినిష్), అంటే రేసు పూర్తి చెయ్యనట్టే.

వేగం లెక్క కూడా దీన్ని బట్టే వేసుకోవాలి. ఆరు గంటల కటాఫ్ అంటే కిలోమీటరుకి 8 నిమిషాల 32 సెకన్లు. నీళ్లకీ బాత్రూమ్‌కీ కలిపి 20 నిమిషాలు పోతే అది 8:03 అవుతుంది. వాచీలో పెరిగే ఆ 400 మీటర్లకి ఇంకో మూడు నిమిషాలు పక్కన పెట్టుకోండి. కటాఫ్ గన్ టైమ్‌తోనా (స్టార్ట్ తుపాకీ మోగినప్పటి నుంచి), చిప్ టైమ్‌తోనా (మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి) అన్నది రూల్స్‌లో ముందే చూసుకోవాలి. దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్ అనే పరుగులో తుపాకీ మోగిన క్షణం నుంచే 12 గంటలు లెక్క. వెనక వరుసలో నిలబడితే ఆ నిమిషాలు మీవే పోతాయి.

బిబ్ (చిప్ అంటించిన నంబరు కాగితం) ఛాతీ మీదే, మడత పడకుండా పెట్టుకోండి. నడుముకి చుట్టేస్తే ఒంట్లోని నీరే చిప్ సిగ్నల్‌ని మింగేస్తుంది. దారి మధ్యలో చిప్‌ని చదివే మ్యాట్ మీద టైమ్ పడకపోతే అడ్డదారిన వచ్చారనుకుంటారు.

నడవొచ్చా? నిక్షేపంగా. ఇంకొకరు మోసుకొస్తే మాత్రం చెల్లదు. ఈ 42.195 దూరం మొదట వాడింది 1908 లండన్ ఒలింపిక్స్‌లో. అక్కడ అందరికంటే ముందు గీత దాటిన డొరాండో పియెట్రిని అధికారులే చెయ్యిపట్టి లేపారు. అందుకే ఆయన మీద వేటు పడింది.

42.195 దాటిన ఏ దూరమైనా అల్ట్రానే, మామూలుగా 50 కిలోమీటర్ల నుంచి మొదలు. 24 గంటల రేసులో గీతే ఉండదు, ఎంత తిరిగితే అంత. బ్యాక్‌యార్డ్ అల్ట్రా ఇంకా చిత్రం. గంటకోసారి 6.706 కిలోమీటర్ల రౌండు, ఆలస్యమైతే ఔట్. చివర మిగిలినవాళ్లు ఒంటరిగా ఇంకో రౌండు పూర్తిచేస్తేనే ఫినిషర్. మిగతా అందరూ, వంద మైళ్లు పరిగెత్తినవాళ్లతో సహా, డీఎన్‌ఎఫే. చివరి ఇద్దరూ ఒకే రౌండులో చేతులెత్తేస్తే ఆ రేసుకి ఫినిషరే ఉండరు.