పిరేయస్‌లో ఓడ కోసం ఆగిన దేవుడు

పొద్దున్న ఏడింటికి మైకొనోస్ వెళ్లే ఓడ ఎక్కాలి. అక్కడి నుంచి చిన్న పడవలో డెలోస్‌కి. గ్రీకు దేవుడు అపోలో పుట్టిన దీవి అది. అమ్మా నేనూ ఏథెన్స్ దాకా వచ్చిందే దానికోసం. తీరా పిరేయస్ రేవుకి చేరేసరికి అందరి నోటా ఒకటే మాట: "అపగొరెఫ్టికో". గాలి మరీ ఎక్కువైతే కోస్ట్‌గార్డు ఓడల్ని కదలనివ్వదు, దానికి గ్రీకులు అనే మాట అది. వేసవిలో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలి ఆ రోజు గట్టిగానే పట్టుకుంది. రేపు చూద్దాం అన్నారు.

నాకు ఒకటే టెన్షన్. అమ్మకి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, పైగా రెండు పెట్టెలు. ఆవిడ మాత్రం నింపాదిగా, "గాలికి కోపం వస్తే మనమేం చేస్తామే? ఈ ఊళ్లో ఏముందో చూద్దాం పద" అంది.

పెట్టెలు హోటల్లో పడేసి, హరిలావు త్రికూపి వీధిలో ఉన్న పురావస్తు మ్యూజియానికి నడిచాం. చిన్న మ్యూజియం, జనం పెద్దగా లేరు. మేడ మీద గదిలోకి వెళ్లగానే అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఎదురుగా అపోలో. కంచు విగ్రహం, 1.91 మీటర్ల ఎత్తు. నిలువెత్తు కుర్రాడు. పచ్చబారిన ఒళ్లు, నుదుటి మీద వరుసగా ఉంగరాల జుట్టు, వీపు మీదికి జారిన పొడుగు జడలు. పాతకాలపు గ్రీకు కుర్రాళ్ల విగ్రహాలు చాలావరకు చేతులు ఒంటికి ఆనించుకుని బిర్రుగా, తల నిటారుగా నిలబడతాయి. ఈయన తల కాస్త వంచి, రెండు చేతులూ మోచేతుల దగ్గర్నుంచి ముందుకు చాపాడు. ఎడమచేతిలో విల్లు, కుడిచేతిలో ఫియాలే అనే పళ్లెం ఉండేవట. ఆ పళ్లెంతోనే దేవుళ్లకి ద్రాక్షసారాయి ధార పోసేవాళ్లు. ఇప్పుడా కుడిచెయ్యి ఖాళీ. నేను చాలాసేపు ఆ అరచేతినే చూశాను. ఏదో ఇవ్వబోతున్నట్టూ ఉంది, పుచ్చుకోబోతున్నట్టూ ఉంది.

"కుడికాలు ముందు పెట్టాడు చూడు" అంది అమ్మ. నేను గమనించనే లేదు. ఈ రకం విగ్రహాలు దాదాపు అన్నీ ఎడమకాలే ముందుకు వేస్తాయి, ఈయనది మాత్రం కుడికాలు. శిల్పి ఎందుకలా చేశాడోగానీ, అమ్మకి కారణం అక్కర్లేదు. ఇంట్లోకి వచ్చేవాళ్లు కుడికాలు పెట్టి రావాలి, అంతే.

ఈయన బయటపడిన కథ నాకు ముందే తెలుసు, అక్కడ నిలబడి అమ్మకి చెప్పాను. 1959 జులైలో ఈ రేవు పక్కనే మురుగు పైపుల కోసం రోడ్డు తవ్వుతుంటే ముందు ఒక కంచు చెయ్యి కనిపించిందట. తవ్వుతూ పోతే అపోలో, ఆర్టెమిస్ దేవత విగ్రహాలు రెండు, ఏథెనా దేవత, ఒక పెద్ద నాటకపు ముసుగు బయటికొచ్చాయి. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా పిరేయస్‌ని తగలబెట్టాడు. ఓడ ఎక్కించడానికి గోదాములో ఉంచిన విగ్రహాలు ఆ మంటల్లో కూలిన గోడల కింద ఉండిపోయాయని పండితుల అభిప్రాయం. డెలోస్ నుంచే వీటిని ఇక్కడికి తెచ్చి ఉంటారని కొందరి ఊహ.

"అయితే మనలాగే ఓడ కోసం ఆగిపోయాడన్నమాట" అంది అమ్మ. రెండు వేల ఏళ్ల పైమాటే.

నన్ను కదిలించేది ఇంకోటి. ఈయన మట్టిలోకి వెళ్లిననాటికి ఊరూరా ఈయనకి గుడి ఉంది, పూజారి ఉన్నాడు, పండగ ఉంది. 4వ శతాబ్దం చివర్లో థియొడోసియస్ చక్రవర్తి పాత దేవుళ్ల పూజలు నిషేధించాడు. గుళ్లు మూతపడ్డాయి, కొన్ని చర్చిలయ్యాయి. అదంతా పైన జరుగుతుంటే ఈయన కింద పడుకునే ఉన్నాడు. లేచేసరికి ఎండ, దుమ్ము, మురుగు పైపులు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, అందుకునేవాళ్లే లేరు. మన పల్లెల్లో పొలం దున్నుతుంటే విగ్రహం తేలిందంటే తహసీల్దారు వచ్చేలోపే పసుపూ కుంకుమా పడతాయి, కొబ్బరికాయ కొట్టేస్తారు. ఇక్కడ ఆ పని చేసే మనిషి ఎప్పుడో పోయాడు. ఇప్పుడు గ్రీసులో పాత దేవుళ్లని మళ్లీ కొలిచేవాళ్లు కొందరున్నారు. 2017లో ప్రభుత్వం వాళ్ల మతాన్ని గుర్తించింది కూడా. అది చెబితే అమ్మ మొహం తేటపడింది.

"నైవేద్యం పెడతారా?"

"పెడతారమ్మా. తేనె, ద్రాక్షసారాయి ధార పోస్తారు."

"ఎవరో ఒకరు ఉన్నారులే" అని, కాపలా ఆవిడ చూస్తుండగానే రెండు చేతులూ జోడించింది. ఆవిడ ఏమీ అనలేదు.

సాయంత్రం గాలి కాస్త తగ్గింది. పొద్దున్న ఓడ ఉందని ఫోనుకి మెసేజ్ వచ్చింది. హోటలుకి వెళ్లేదారిలో ఫిలోనోస్ వీధి మీదుగా తీసుకెళ్లాను, విగ్రహాలు దొరికింది ఆ వీధి మూలనే. మామూలు వీధి. దుకాణాలు, ఫుట్‌పాత్ మీదికెక్కించిన స్కూటర్లు, రేవు వైపు పెట్టెలు లాక్కుంటూ పోయే జనం. "ఇక్కడేనా?" అని అమ్మ నేలకేసి చూసింది. రోడ్డులో ఒక మ్యాన్‌హోల్ మూత ఉంది. అసలు చోటు అదో కాదో నేను చెప్పలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మోకాళ్లు నొప్పిగా ఉన్నా, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచింది.