కొత్త పంచాయతీ, పాత చింతచెట్లు

కళ్యాణదుర్గం దగ్గర మా ఊరు మొన్నటిదాకా మజరా, అంటే పెద్దూరి పంచాయతీ కింద ఉండే శివారు పల్లె. కొళాయి రాలేదని చెప్పుకోవాలన్నా మూడు కిలోమీటర్లు నడిచి పెద్దూరికి పోవాల్సిందే. మమ్మల్ని వేరే పంచాయతీ చేసి, 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు పెట్టారు. నేను వార్డు సభ్యురాలినయ్యాను. బోర్డు రాయించిన రోజు రచ్చకట్ట దగ్గర పండగే.

మొదటి టెన్షన్ చింతచెట్లతో వచ్చింది. చెరువుకట్ట మీది కాయలకు ఏటా వేలం వేస్తారు. ఇన్నాళ్లూ ఆ డబ్బు పెద్దూరి పంచాయతీకే పోయేది. ఇప్పుడు కట్ట మా వైపు, ఆయకట్టు వాళ్ల వైపు. మరి చెట్లు ఎవరివి? హద్దు తేలకముందే ఈ ఏటి వేలం అయిపోయింది, డబ్బు వాళ్ల ఖాతాలోనే పడింది. అన్నదమ్ముల భాగాల్లో కూడా ఇంత పట్టుదల నేను చూడలేదు.

పోనీ, కేంద్రం పంచాయతీలకు ఇచ్చే 15వ ఆర్థిక సంఘం డబ్బు వస్తుంది కదా అనుకున్నాం. కార్యదర్శి కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. ప్రతి 100 రూపాయల్లో 60 తాగునీటికి, పారిశుధ్యానికే పెట్టాలి. మిగిలిన 40 ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కాదు. అంటే బోరు మోటారు వేసే వాటర్‌మ్యాన్‌కు ఇంటిపన్నులోంచే ఇవ్వాలి.

"ఇప్పుడే గెలిచాం. అప్పుడే పన్నుకోసం గడప తొక్కితే జనం ఏమనుకుంటారమ్మా?" అన్నాడు సర్పంచ్ అన్న. ఆయన భయం నాకు తెలుసు. కానీ తెల్లారకముందే లేచి మోటారు వేసే మనిషి మూడు నెలలుగా ఉత్తచేతులతో ఇంటికి పోతున్నాడు. ఇంట్లో ఇద్దరు బడిపిల్లలు. అతన్ని ఎదురుగా పెట్టుకుని కొత్త ఆఫీసు గది గురించి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. మీటింగులో ఆ మాటే చెప్పాను.

పొద్దు గూకేదాకా వాదులాడుకున్నాం. చివరికి ఆఫీసుకు బడిలోని పాత గదే చాలనుకున్నాం. ఎస్సీ కాలనీ మిట్ట మీద ఉంది, ఏ ఎండాకాలమూ అక్కడికి నీళ్లు సరిగా ఎక్కలేదు. అందుకని ముందు ఆ పైపులైనే. 60 చాలకపోతే 40లోంచి కూడా తీయాలని రాసుకున్నాం. దాంతో మా వీధి సిమెంటు రోడ్డు వచ్చే ఏటికి పోయింది. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంటిపన్నుకు కూడా సర్పంచ్ అన్న ఒప్పుకున్నాడు. రేపు పొద్దున కార్యదర్శి రసీదు పుస్తకం తెస్తాడు. మొదటి రసీదు మా ఇంటికే రాయమన్నాను. ఇల్లు అత్త పేరు మీదే ఉంది.