ఎయిర్ నది లోయలో ఒక వేసవి

రోహిణి కార్తె ఇంకా రానే లేదు గానీ, 2024 మే మొదటి వారానికే నరసరావుపేటలో మధ్యాహ్నం పూట వీధుల్లో మనిషి కనిపించడం లేదు. ఎన్నికల ప్రచారపు మైకులు మాత్రమే తిరుగుతున్న ఆ రోజుల్లో రెండు జతల తెల్ల దుస్తులు, స్పైకులున్న బూట్లు, అమ్మ గట్టిగా మూత బిగించి ఇచ్చిన ఆవకాయ సీసా సర్దుకుని నేను ఇంగ్లండుకు బయలుదేరాను. యార్క్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్‌ను ఆనుకుని ఉన్న షిప్లీ అనే పట్టణంలో మా పెదనాన్నగారి అమ్మాయి, బావగారు పదేళ్లుగా ఉంటున్నారు. ఇంజనీరింగ్ పూర్తయి, ఉద్యోగంలో చేరడానికి అక్టోబరు దాకా వ్యవధి ఉండడంతో వేసవి అంతా తమ దగ్గర గడపమని అక్క పిలిచింది. అక్క వాళ్ల పక్కింటావిడ అక్కడి ఒక పల్లె క్రికెట్ క్లబ్బుకు స్కోరరు. తమ రెండో జట్టుకు బౌలర్లు కరువయ్యారని ఆవిడ అనడం, మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ బంతి వదలడని అక్క చెప్పడం నేను విమానం ఎక్కకముందే జరిగిపోయాయి. పైసా ప్రతిఫలం లేకుండా సరదాకు ఆడేవాడిగానే నన్ను చేర్చుకున్నారు.

మైదానాన్ని మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎయిర్ నది లోయకు ఒక పక్క కొండవాలు మీద, సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడల మధ్య పచ్చటి మైదానం, గోడకు అవతల గొర్రెలు, ఇవతల తెల్ల రంగు వేసిన చెక్క పెవిలియన్. నేల చదునుగా లేదు. పై కొస నుంచి బంతిని వదిలేస్తే కింది గోడ దాకా దానంతటదే దొర్లుకుంటూ పోతుంది. ఇంత వాలు మీద ఆడతారా అని నేను అడిగితే, లార్డ్స్ మైదానంలోనే ఒక పక్క నుంచి మరో పక్కకు దాదాపు రెండున్నర మీటర్ల వాలు ఉందని బావగారు చెప్పారు. టీవీలో అన్నిసార్లు చూసినా నేను ఆ సంగతి గమనించలేదు. మే నెల కదా అని పలచటి చొక్కాతో వెళ్లిన నాకు స్కోరరు గారు తన సంచిలో నుంచి ఒక ఉన్ని స్వెటరు తీసి ఇచ్చారు. వెళ్లేదాకా అది నా దగ్గరే ఉంది.

పిచ్ బాగోగులు చూసుకునే పెద్దాయనకు ఎనభై ఏళ్లకు దగ్గర ఉంటాయి. ఆయనను పేరు పెట్టి పిలవమన్నారు. అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. కానీ తాత వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. 'సర్' అంటే ఆయనకు నచ్చలేదు. చివరికి ఒక సాయంత్రం ఆయన వెనక నుంచి "తాతా!" అని పిలిచాను. ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, మళ్లీ తన పనిలో పడ్డారు. అక్కడి మాటలో 'టాటా' అంటే వెళ్లొస్తానని చెప్పడం కదా! మా భాషలో తండ్రికి తండ్రిని అలా అంటామని వివరించాక ఆయన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నా ఫోనుకు పంపే ప్రతి సందేశం కింద తన పేరుకు బదులు 'తాత' అనే రాసేవారు.

మొదటి మ్యాచ్‌లో నాలుగు ఓవర్లు వేసి ముప్పై ఎనిమిది పరుగులు ఇచ్చాను. మా ఊళ్లో కాంక్రీటు మీద పరిచిన కొబ్బరి పీచు మ్యాట్ మీద ఆడినవాడిని. అక్కడ బంతిని కొంచెం పొట్టిగా కొడితే ఛాతీ ఎత్తుకు లేస్తుంది. ఇక్కడ అదే బంతి తడి నేలలో ఒక క్షణం ఆగి, బ్యాటరుకు కావలసినంత వ్యవధి ఇచ్చి, నడుము ఎత్తున మెల్లగా వచ్చింది. మర్నాడు పొద్దున తాత నన్ను పిచ్ దగ్గరకు తీసుకుపోయి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, బొటనవేలితో నేలను నొక్కమన్నారు. వేలు గోరు మేర దిగింది. తర్వాత ఇంకో రెండు గజాలు ముందుకు, బ్యాటరు దగ్గరికి జరిపి, అక్కడ ఒక రుమాలు పరిచి, బంతి దాని మీద పడాలని చెప్పి వెళ్లిపోయారు. ఆయన గడ్డి కోసుకుంటున్నంతసేపూ నేను ఆ రుమాలుకు బంతులు వేస్తూనే ఉన్నాను. మబ్బు పట్టిన రోజున, కుట్టును నిటారుగా నిలిపి, అంత ముందుకు వేసిన బంతి చివరి క్షణంలో బయటికి వంగిపోవడం చూశాక, పన్నెండేళ్లుగా నేను ఆడుతున్న ఆటలో నాకు తెలియని సగం ఏదో నాకు అర్థమైంది.

అయితే నేను అక్కడ స్నేహితులను సంపాదించుకున్నది బౌలింగు వల్ల అనుకోను. మన దగ్గర మైదానం కాలేజీదో మునిసిపాలిటీదో అయి ఉంటుంది. మనం వెళ్లి ఆడి వచ్చేస్తాం. ఆ క్లబ్బులో గడ్డి కోయడం, గీతలు గీయడం, రోలరు నడపడం, కప్పులు కడగడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం అన్నీ ఆడేవాళ్లూ వాళ్ల ఇంటివాళ్లే చేసుకుంటారు. జూన్ అంతా చలి, తుంపర. చినుకు పడగానే ఎవరూ పిలవకుండానే పదిమంది పరుగెత్తి, చక్రాల మీద ఉండే ఆ బరువైన కవర్లను వాలు మీదికి ఎగదోస్తూ పిచ్ దాకా చేర్చాలి. రెండు జట్లవాళ్లూ కలిసి తోస్తారు. ఒక శనివారం అలా నాలుగుసార్లు తోశాం. చివరికి ఒక్క బంతి కూడా పడలేదు. తడిసి ముద్దయి పెవిలియన్‌లో కూర్చుని వేడి టీ తాగిన ఆ రోజే నాకు అందరి పేర్లూ నోటికి వచ్చాయి.

మా జట్టులో సగం మంది బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టి పెరిగిన పాకిస్తానీ మూలాల కుర్రాళ్లు. వారిలో నాతో పాటు కొత్త బంతి పంచుకునే ఎడమచేతి బౌలరు నాకు అందరికంటే దగ్గరయ్యాడు. నేను స్కూల్లో నేర్చుకున్న హిందీ, అతడి ఉర్దూ, మధ్యలో ఇంగ్లీషు కలగలిపి మాట్లాడుకునేవాళ్లం. ఆట అయ్యాక మిగతావాళ్లు బీరు గ్లాసులతో కూర్చుంటే మేమిద్దరం ద్రాక్ష షర్బత్ తాగుతూ అదే బల్ల దగ్గర ఉండేవాళ్లం. జూన్ 29 శనివారం మా మ్యాచ్ ముగిసే వేళకు బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్లు నడుస్తున్నాయి. ప్యాడ్లు విప్పకుండానే అందరం పెవిలియన్ టీవీ ముందు చేరాం. సూర్యకుమార్ యాదవ్ బౌండరీ గీత దగ్గర దక్షిణాఫ్రికా బ్యాటరు మిల్లర్ క్యాచ్ పట్టి, బంతిని గాలిలోకి ఎగరేసి, బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చి అందుకున్నప్పుడు అందరికంటే ముందు నన్ను ఎత్తుకున్నది అతడే. పాకిస్తాన్ మొదటి దశలోనే ఇంటిముఖం పట్టిన టోర్నీ అది.

అతడి తాతగారు మా మైదానంలో జరిగే ప్రతి మ్యాచ్‌కూ వచ్చి, గీత పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నన్ను 'పుత్తర్' అని పిలిచేవారు. ఒకరోజు నేను బౌలింగు ముగించి గీత దగ్గర ఫీల్డింగు చేస్తుంటే, మీది ఏ ఊరని అడిగారు. చెప్పినా తెలియదని, నాగార్జునసాగర్ డ్యామ్ ఉన్న వైపు అన్నాను. డ్యామ్ అన్న మాట వినగానే ఆయన కర్ర పక్కన పెట్టారు. టీ విరామంలో వచ్చి కూర్చొమ్మన్నారు.

వారిది మీర్‌పూర్. జీలం నది మీద మంగ్లా డ్యామ్ కట్టినప్పుడు పాత మీర్‌పూర్ పట్టణమూ చుట్టుపక్కల పల్లెలూ మునిగిపోయాయి. లక్షకు పైగా జనం నిర్వాసితులయ్యారు. అప్పటికి బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో రాత్రి షిఫ్టులకు మనుషులు దొరకడం లేదు. ఊరు పోగొట్టుకున్నవారిలో చాలామంది అలా ఈ లోయకు వచ్చారు. ఈయన ఇరవయ్యో ఏట వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఉన్ని దువ్వే యంత్రాల దగ్గర రాత్రుళ్లు పనిచేశారు. చలికాలంలో జలాశయం నీరు తగ్గినప్పుడు పాత ఊరి గుడులు, దర్గాలు బయటపడతాయని, రెండుసార్లు వెళ్లినప్పుడు ఆ బురదలో తిరిగి తమ ఇల్లు ఉండిన చోటు వెతుక్కున్నానని చెప్పారు.

మా నాయనమ్మ పుట్టిల్లు సాగర్ నీళ్ల కింద ఉంది. నాగార్జునకొండ లోయలోని పల్లె అది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికి ఆమె చిన్నపిల్ల. బౌద్ధ స్తూపాలను, విహారాలను తవ్వి, కొన్నింటిని కొండ మీదికీ కొన్నింటిని అనుపుకూ తరలించి తిరిగి కట్టారు. ఊళ్లవాళ్లు బండ్లు కట్టుకుని మాచర్ల వైపు వచ్చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో పండిన వరి తినే మా ఇల్లు పెరిగింది. ఈ మాటలు నేను నాకు వచ్చిన హిందీలో చెబుతూ ఏడాది దగ్గరకు రాగానే ఆయన నన్ను ఆపి, వేళ్లు ముడిచి లెక్క చూసుకుని, మంగ్లా పూర్తయింది కూడా 1967లోనేనని అన్నారు. మేమిద్దరం ఆ తర్వాత చాలాసేపు ఆటే చూశాం. ఆ రోజు మేము గెలిచామో ఓడామో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఎవరికీ చెప్పుకోవాలని కూడా తోచని మా ఇంటి సంగతిని, ఏడు వేల కిలోమీటర్లకు పైగా దూరాన, వేరే దేశపు పెద్దాయన ఒకరు మాట పూర్తి కాకముందే అందుకున్నారు.

కోవిడ్ తర్వాత అక్కడ చాలా క్లబ్బులు ఇన్నింగ్స్ మధ్య పెట్టే టీ మానేశాయి. మా వాళ్లు మానలేదు. ప్రతి వారం ఒక ఆటగాడి ఇంటివారు తెచ్చే వంతు. జులైలో నా వంతు వచ్చినప్పుడు అక్క తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, మినప గారెలు వేసి, కొబ్బరి పచ్చడి రుబ్బింది. దోసకాయ ముక్కల శాండ్‌విచ్‌లు, గుడ్డు శాండ్‌విచ్‌లు, స్కోన్లు ఉండే ఆ పొడవాటి బల్ల మీద పసుపుపచ్చటి పులిహోర పళ్లెం పెట్టినప్పుడు నాకు కొంచెం భయం వేసిన మాట నిజం. అవతలి జట్టు వికెట్ కీపరు మూడుసార్లు వడ్డించుకున్నాడు. గారెకు నడుమ చిల్లు ఎందుకని స్కోరరు గారు అడిగితే, లోపల కూడా సమంగా వేగడానికని అక్క చెప్పింది. ఆవిడ దాన్ని స్కోరు పుస్తకం వెనక పేజీలో రాసుకున్నారు. మా జట్టు ముస్లిం కుర్రాళ్లకు ఆ రోజు ఏది తినవచ్చో ఏది తినకూడదో అడగవలసిన పని లేకపోయింది. బల్ల మీద మాంసం లేనే లేదు.

ఆటలు లేని రోజుల్లో తిరిగింది తక్కువే. సాల్టేర్‌కు మాత్రం కాలువ గట్టు వెంబడి నడిచి చాలాసార్లు వెళ్లాను. 1853లో టైటస్ సాల్ట్ అనే ఉన్ని వ్యాపారి మిల్లు తెరిచి, కార్మికుల కోసం కట్టించిన ఊరు అది. ఇప్పుడు ప్రపంచ వారసత్వ స్థలం. నది ఒడ్డున రాబర్ట్స్ పార్కులో క్రికెట్ మైదానం ఉంది. ఇరవై ఏడు టెస్టుల్లో 189 వికెట్లు తీసిన సిడ్నీ బార్న్స్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ సాల్టేర్ జట్టుకే ఆడాడు. 1956లో ఒకే టెస్టులో పంతొమ్మిది వికెట్లు తీసిన జిమ్ లేకర్ కుర్రతనంలో ఇక్కడివాడే. యార్క్‌షైర్ కౌంటీ జట్టు మైదానమైన హెడింగ్లీకి ఒకసారి తాత తీసుకువెళ్లారు. యార్క్‌షైర్‌లో పుట్టనివారిని జట్టులోకి తీసుకోని ఆనవాయితీని పక్కనపెట్టి, 1992లో విదేశీ ఆటగాడిగా మొదట ఆడించింది పంతొమ్మిదేళ్ల సచిన్‌నే. దాని గురించి నాకు చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఇంకా ఆ సంతోషం ఉంది. నేను ఆయనకు సి.కె. నాయుడు గురించి చెప్పాను: 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు నాయకత్వం వహించినవాడు తెలుగు కుటుంబంవాడని, యాభై ఏళ్లు దాటిన వయసులో మా ఆంధ్ర రంజీ జట్టునూ నడిపాడని.

ఆగస్టు చివరి శనివారం నా ఆఖరి మ్యాచ్. తొమ్మిది ఓవర్లు వేసి మూడు వికెట్లు తీశాను. మూడూ తాత రుమాలు పరిచిన చోట పడిన బంతులే. స్వెటరు తిరిగి ఇవ్వబోతే స్కోరరు గారు తీసుకోలేదు.

ఇంటికి వచ్చిన రెండు వారాలకు నాయనమ్మను మాచర్ల మీదుగా అనుపుకు తీసుకువెళ్లాను. ఆగస్టు మొదట్లోనే గేట్లు ఎత్తినంతగా నిండిన సాగర్, కనుచూపు మేర నీళ్లు. లోయ అడుగు నుంచి తరలించి తిరిగి పేర్చిన ఇక్ష్వాకుల కాలపు క్రీడారంగం అక్కడ ఉంది; నడుమ నలుచదరపు బరి, చుట్టూ మెట్లు. ఆ మెట్ల మీద కూర్చుని బ్రాడ్‌ఫర్డ్‌కు వీడియో కాల్ చేశాను. ఫోనును తన తాతగారి చేతికి ఇచ్చాడు నా స్నేహితుడు. నాయనమ్మకు ఆయన భాష రాదు, ఆయనకు మా భాష రాదు. ఊరు ఎటువైపు అని ఆయన అడిగింది నేను చెప్పాను. నాయనమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడి, నీళ్ల వైపు చెయ్యి చాపి చూపించింది. ఆయన కనబడేంతసేపూ ఆ చెయ్యి దించలేదు.