శనివారం సద్ది

మన బడి పాత విద్యార్థుల కలయికకు వేసే సంచికలో రాయమని కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో మూడుసార్లు అడిగారు. "రెండు పేజీలు చాలు మే, ఏదో ఒకటి రాయి" అని పొట్టి లీడర్ ఫోన్ కూడా చేసింది. తలకోన ఎక్స్‌కర్షన్ గురించి ఎలాగూ టపాగాడు రాస్తాడు. 270 అడుగుల జలపాతం, గిల్లతీగ ఊయల, దొరకని టిఫిన్ క్యారియర్ అన్నీ వాడికే వదిలేస్తున్నాను. నేను రాయాల్సింది మన క్లాసు బెల్లంగాడి తోట గురించి, సైన్సు సారు గురించి.

ఎనిమిదో తరగతి నాకసలు గుర్తే లేదు. పదిలో పరీక్షల టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు. తొమ్మిదో తరగతి మాత్రం, 1988 డిసెంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా, వారం వారం కళ్ళముందు ఉంది. ఆ ఏడు చెరువు మరవ పారింది. మన పాకాల చుట్టూ ఎటు చూసినా చెరుకే.

శనివారం ఒంటిపూట బడి అవగానే సారు మగపిలకాయల్ని వెంటేసుకుని తోటలకు పోయేవాడు. సోమవారం వాళ్ళు వచ్చి గొప్పలు చెబుతుంటే మేము నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. ఒకరోజు గేటు పిల్ల లేచి, "మేమెందుకు రాకూడదు సార్?" అని అడిగేసింది. సారు జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం సైకిలేసుకుని మా ఇళ్ళకు బయలుదేరాడు.

మా ఇంటికి వచ్చేసరికి నాయన వసారాలో విత్తనాలకు చెనక్కాయలు వొలుస్తున్నాడు. "ఆడపిల్లకు గానుగ కాడ ఏం పని సారూ?" అన్నాడు. సారు వాదించలేదు. నాయన పక్కన గొంతు కూర్చుని తానూ వొలవడం మొదలుపెట్టాడు. గంటసేపు వానల గురించి, టీఎంవీ 2 రకం చెనక్కాయ గురించి, దిగుబడి గురించి మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు మాత్రం ఒక్క మాట అన్నాడు: "చేలో పని పాపకు తెలిస్తే రేపు మీకే ఆసరా కదన్నా." నాయన రెండు రోజులు ఏమీ అనలేదు. శుక్రవారం రాత్రి సంగటి తింటూ అమ్మతో, "దానికి రేపు సద్ది కట్టియ్" అన్నాడు. తలుపు వెనకాల ఉన్న నాకు ఆ మాట ఇప్పటికీ వినబడుతుంది.

మరుసటి రోజు ఏడుగురు ఆడపిల్లలం గెనిమల మీద ఒకరి వెనక ఒకరం నడిచాం. సారు విజిల్ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

బెల్లంగాడి నాయన అప్పుడే పెనం కిందికి మంట పెడుతున్నాడు. సారు ఆయన్ని బతిమాలి, ఒక పెనానికి పట్టే చెరుకంతా కాటా వేయించాడు. 500 కిలోలు. "దీంట్లో బెల్లం ఎంత వస్తుందో తలా ఒక లెక్క రాసివ్వండి" అన్నాడు. లీడర్ 200 రాసింది. నేను 150 రాశాను. ఆడే గానుగలో చెరుకు పెడుతుంటే రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు. ఎండిన పిప్పే పొయ్యిలోకి పోతుంది, బయటి కట్టె ఒక్కటి కూడా అక్కర్లేదని అప్పుడే తెలిసింది. రసం కాగే కొద్దీ సున్నపు నీళ్ళు కలిపి, పైకి తేలిన మడ్డి తీసేస్తూ ఉన్నారు. దాదాపు మూడు గంటలు. చివర్లో బెల్లంగాడి నాయన పాకం కొంచెం నీళ్ళల్లో వేసి వేళ్ళతో ఉండ చేసి చూశాడు. ఉండ నిలిచింది. వెంటనే పెనం దించారు.

చల్లారాక తూస్తే 50 కిలోలకు కొంచెం అటూ ఇటూ వచ్చింది. పది కిలోల చెరుకుకు ఒక కిలో. "మిగతాదంతా ఏమైంది?" అని సారు అడిగాడు. బెల్లంగాడే, తెలుగులో ఎప్పుడూ సున్నాలు తెచ్చుకునే బెల్లంగాడే, "పిప్పి పొయ్యిలోకి, నీళ్ళు ఆవిరయి పైకి" అని చెప్పాడు. వాళ్ళ నాయన కొడుకు వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. బడిలో వాడి గురించి ఆయన విన్నవన్నీ ఫిర్యాదులే కదా.

ఈత మాత్రం సారు నేర్పలేదు, బెల్లంగాడి అవ్వ నేర్పింది. మగపిలకాయల్ని బిళ్ళంగోడు ఆడించడానికి సారు చెరువు కట్ట అవతలికి తీసుకుపోతే, అవ్వ తన పాత చీర చించి మా నడుములకు బెండ్లు కట్టి బావిలోకి దింపేది. "నీళ్ళు మింగితే మింగుదువులే, కాళ్ళు మాత్రం ఆపొద్దు" అనేది. నాలుగో శనివారం నేను బెండు లేకుండా ఈ దరి నుంచి ఆ దరికి పోయాను. పైకొచ్చి వణుకుతుంటే అవ్వ చేతిలో వేడి బెల్లం పెట్టింది.

తిరుపతి వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చినప్పుడు నాయన కార్డు పట్టుకుని ముందు సారు ఇంటికే పోయాడు. తర్వాత చదువు, బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నాయన పోయే ముందు తమ్ముళ్ళతో సమానంగా నాకూ రెండున్నర ఎకరాలు రాశాడు. ఇప్పుడు అందులో తోతాపురి, నీలం, కొంచెం బేనిషా ఉన్నాయి. కాయ దామలచెరువు మార్కెట్‌కు పోతుంది. ఖాళీ కయ్యలో నాయన టీఎంవీ 2 వేసిన చోటే ధరణి రకం చెనిక్కాయ వేస్తున్నాను.

వేసవి ఆదివారాలు తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి కుటుంబాలు పిల్లలతో వస్తాయి. పొద్దున్నే కాయలు కోసుకుంటారు, మధ్యాహ్నం చెట్టు కింద సంగటి, ఊరిబిండి తింటారు, తర్వాత తొట్టిలో దిగుతారు. పోయిన మేలో బెంగళూరు నుంచి వచ్చిన ఒక పాప మామిడి కొమ్మెక్కి సాయంత్రందాకా దిగనంది. వాళ్ళ నాన్న కంగారు పడుతుంటే, "ఉండనీయండి, నేను కింద ఉంటాను" అన్నాను. అలాంటి తోట ఒకటి నా చేతుల మీద నడుస్తోందని చెప్పుకోవడం నాకు సంతోషం.

2022లో మన పాకాల తిరుపతి జిల్లాలోకి పోయింది. నాకింకా చిత్తూరు జిల్లా అనే నోటికొస్తుంది. గానుగలు కూడా బాగా తగ్గిపోయాయి. బెల్లంగాడి తోటలో ఇప్పుడు చెరుకు లేదు. అవ్వ లేదు. సారు ఉన్నాడు, మాట స్పష్టంగానే ఉంది, నడవడానికే మనిషి సాయం కావాలి.

కలయిక మరుసటి రోజు ఆదివారం మా తోటకు రండి. సారును నేను కార్లో తీసుకొస్తాను. ఎప్పటిలాగే ఎవరి సద్ది వాళ్ళు తెచ్చుకోవాలి, ఒకరిది ఒకరు తినాలి. చెరుకు నేను తెప్పిస్తాను. బెల్లంగాడా, పెనం ఇంకా మీ కొట్టంలోనే ఉందని మీ చెల్లెలు చెప్పింది. దాన్ని తోమించి పెట్టు.